తొలి పొగ

ఎల్ ఆల్తోలో తెల్లవారుజామున
నేల మీద మంచు, ఎవరో ఉప్పు చల్లినట్టు.
సముద్రానికి నాలుగు వేల మీటర్ల ఎగువన
గాలి పలచన.
మనుషులైనా ఇంజన్లైనా
ఊపిరి అప్పు తెచ్చుకోవాల్సిందే.

మా మేస్త్రమ్మ నికొలాసా తికోనా
బౌలర్ టోపీ, రెండు జడలు,
కుచ్చుల లంగా మీద గ్రీజు పట్టిన తోలు గుడ్డ.
పానా కన్నా ముందు ముక్కు వాడుతుంది.

"నల్లగా వస్తే కంగారుపడకు.
ఈ ఎత్తులో ప్రతి బండికీ
తిండి ఎక్కువ, గాలి తక్కువ.
తెల్లగా వస్తే కాస్త ఆగు,
రాత్రి గొట్టంలో చేరిన చెమ్మ అయితే
నువ్వు కాఫీ ఊదుకుని తాగేలోపు పోతుంది.
పోలేదా, వాసన చూడు.
తియ్యగా ఉంటే
రేడియేటర్ నీళ్ళు గాస్కెట్ దాటి లోపలికొచ్చాయన్నమాట.
అది బుగ్గన బెల్లం పెట్టుకుని అబద్ధమాడే బండి."

మరి నీలమో? అన్నాను.

"నీలం పిరికిది.
ఒక్క నిమిషం కనబడుతుంది.
రాత్రంతా వాల్వు సీళ్ళ సందుల్లోంచి
ఆయిల్ బొట్టు బొట్టుగా దిగి
పొద్దున మొదటి మంటకి కాలిపోతుంది.
తర్వాత ఎవరు అడిగినా
బండి ఏమీ ఎరగనట్టే ఉంటుంది."

ఈ సంగతి ఫెర్మిన్ అపాసాకీ తెలుసు.
బుధవారం సాయంత్రం నన్ను గోడవారకి పిలిచాడు.
"రేపు మీ మేస్త్రమ్మ నా వ్యాను చూడ్డానికొస్తోంది.
నువ్వు ముందే వచ్చి
ఓ అరగంట ఇంజను తిప్పి ఆపెయ్, అంతే."
ఇరవై బొలివియానోలు.
నా బూటు అడుగు అప్పటికే నోరు తెరిచి ఉంది.

కొనేవాడు బాసిలియో.
పదకొండేళ్ళు పరాయి లారీల్లో క్లీనరు.
డబ్బంతా ఉన్ని సాక్సులో కుక్కి
చొక్కా లోపల కట్టుకొచ్చాడు,
ఎవరైనా పలకరిస్తే పొట్ట తడుముకుంటున్నాడు.

మేస్త్రమ్మ తాళం తిప్పలేదు.
బానెట్ మీద అరచెయ్యి ఆనించి
కాసేపు అలాగే నిలబడింది.
"ఈ బండి రాత్రి నిద్రపోలేదు" అంది.
ఫెర్మిన్ వైపే చూసింది, నా వైపు కాదు.
"రేపొస్తాం. తాళం నా దగ్గరుంటుంది."

శుక్రవారం వ్యాను కప్పు మీద మంచు పొలుసు.
గొట్టం వెనక నన్ను కూర్చోబెట్టి
చేతికో పిండిసంచి గుడ్డ ఇచ్చింది, తెల్లది.
ఇంజను ఒకసారి దగ్గి, రెండోసారికి అందుకుంది.

"ఏం రంగు?"

ఇంకా చీకటి.
తెలుపంటే తెలుపని నమ్మేస్తారు.
బాసిలియో పొట్ట మీద చెయ్యేసుకుని చూస్తున్నాడు.
ఫెర్మిన్ నా బూటు వైపు చూస్తున్నాడు.
గుడ్డ మీద ఆవగింజలంత ఆయిల్ చుక్కలు,
కళ్ళు మండించే కమురు వాసన.
ఒక నిమిషం. అందులో సగం అప్పటికే అయిపోయింది.

నీలం, అన్నాను.

బేరం మూడు వేలు దిగింది.
వ్యాను బాసిలియోదయింది.
"సీళ్ళు మార్చుకుంటే చాలు,
ఇంకా చాలా ఏళ్ళు తిరుగుతుంది" అందామె,
"ఆ పని వీడు చేస్తాడు. కూలి అక్కర్లేదు.
వీడికి ముందే ముట్టింది."

వెనక్కి నడుస్తుంటే
మేస్త్రమ్మా, మొన్న, అనబోయాను.
నోట్లోంచి తెల్లగా పొగ వచ్చింది, మాట రాలేదు.
"చలి" అంది తను, తిరిగి చూడకుండా.
"నడువు. వేడెక్కితే పోతుంది."

షెడ్డు దాకా నడిచాం.
పోలేదు.