ఖాళీ సీసాల లెక్క

కాకినాడని మీరు వీధుల పేర్లతో గుర్తుపెట్టుకుంటారు.
నాకు సీసా మూతి వాసన చాలు.
నా పేరు నూకరత్నం. మూడు చక్రాల బండి నాదే,
వెనక చక్రం మాత్రం ఇంకా ఫైనాన్సు వాళ్ళది.

తెల్లారి అయిదింటికి దుమ్ములపేట.
వేటకెళ్ళిన పడవలు తిరిగొచ్చిన రోజయితే
సీసాల మెడలకి చేప పొలుసులంటుకుని మెరుస్తాయి.
రాకపోతే ఒడ్డున ఏరడానికేం ఉండదు,
కుక్కలు కూడా గొంతు తగ్గించి మొరుగుతాయి.
ఆ పేటలో ఖాళీ అంటే ఖాళీయే,
బోర్లించి దులిపినా చుక్క రాలదు.

జగన్నాయకపురంలో రాజహంస బారు, వెనక గుమ్మం.
యోహాను గోనెసంచి అందిస్తూ
రాత్రి ఎవరు ఎవర్ని కొట్టారో చెబుతాడు.
పగిలినవి లెక్కలోకి రావు.
ఎలక్షన్ల నెలలో లెక్కలోకి రానివే ఎక్కువ.

మెయిన్ రోడ్డు షావుకార్లు గల్లాపెట్టె మూశాకే మూత తీస్తారు.
సీసాలో వేరుశెనగ పొట్టు, వక్కపొడి,
ఒకసారి చుట్టి కుక్కిన పద్దు కాగితం.
ఎవరి బాకీయో, ఆ రాత్రితో మాఫీ అయినట్టుంది.

సూర్యారావుపేటలో కొన్ని క్వార్టర్సున్నాయి. ఎవరివో చెప్పను.
దొంగ సరుకు పట్టుకునే ఉద్యోగస్తులు ఉంటారక్కడ.
వాళ్ళ గోడ వెనక సీసాల మీద
'పుదుచ్చేరిలో మాత్రమే అమ్మకానికి' అనే లేబులు.
నాలుగో క్లాసే చదివినా ఆ లేబులు నాకు బొమ్మలా గుర్తు.
యానాం నుంచి ఎవరి కంటా పడకుండా
అవి కాళ్ళొచ్చి నడిచొచ్చాయి కాబోలు!

భానుగుడి కుర్రాళ్ళవి డబ్బాలు.
పిడికిట్లో నలిపి మరీ పారేస్తారు, బలం చూపించుకోడానికి.
సర్పవరం వైపు కొత్తగా పబ్బు పెట్టారు.
"సీసాలెక్కడ పడేస్తారు బాబూ?" అనడిగితే
కాపలావాడు నవ్వాడు:
"పంపు తిప్పితే గ్లాసులో పడుద్దమ్మా. సీసాలే ఉండవు."
రాత్రంతా తాగి పొద్దున్నకి ఆనవాలు మిగల్చని చోటు.
బండి తిప్పేశాను.

గాంధీనగర్ పార్కు వెనక సందు, ఆకుపచ్చ గేటు.
విశ్వపతి గారు హార్బరులో ఆటుపోట్లు రాసి రిటైరయ్యారు.
ప్రతి ఆదివారం సాయంత్రం మెట్టు మీద రెండు సీసాలు,
కడిగి, ఆరబెట్టి, పేపర్లో చుట్టి.
ఒకటి ఆయనది, ఒకటి సరంగు కరీముల్లా గారిది.
ఏది ఎవరిదో చెప్పగలను.
మాటల్లో పడి లేబులంతా గోటితో గీకేసేది సరంగు గారు.

మొన్న వాయుగుండం వెలిశాక వచ్చిన ఆదివారం
ఒకటే సీసా.
లేబులు చెక్కుచెదరలేదు.
నేనేం అడగలేదు. రెండు రూపాయలు మెట్టు మీద పెట్టాను.

ఆ పై వారం మళ్ళీ రెండు.
రెండోది ఎత్తితే బరువు.
"అయ్యా, ఇది ఖాళీ కాదండి."
"అలవాటుగా రెండు తెచ్చేశానే నూకరత్నం. పట్టుకెళ్ళు."
తలుపు వెయ్యలేదు, లోపలికీ పోలేదు,
నేను సందు మలుపు తిరిగేదాకా గేటు పట్టుకునే ఉన్నారు.

ఉప్పుటేరు వంతెన మీద బండి ఆపి
మూత పళ్ళతో లాగాను.
మా నాన్న తాడిచెట్టు దిగొస్తే
ఇల్లంతా పుల్లటి వాసన, కొంచెం తీపి కలిసినట్టు.
ఇదలా లేదు. చేదు. ఉత్త చేదు.
దీనికోసమా ఈ ఊరు ఇన్ని సందుల్లో
పక్కన కూర్చునే మనిషిని వెతుక్కునేది?

కింద పోటు కోసం ఆగిన పడవలో
ఎవరో స్టవ్ ముట్టిస్తున్నారు.
సగం తాగాను. సగం ఏట్లోకి వంచాను.
చీకటి పడేదాకా అక్కడే కూర్చుని
గోటితో లేబులు గీకాను, మొత్తం.

పాతసామాన్ల కొట్లో సీసా తిప్పి చూశాడు.
"దీనికి లేబుల్లేదేంటి?"

"కొన్ని అలాగే వస్తాయి" అన్నాను.