నాలుగో కాలు

ముర్గీచౌక్‌లో చెప్పుల డబ్బాలో పెట్టి ఇచ్చాడట,
మూతకి పెన్నుతో పొడిచిన ఆరు బొక్కలు.
"దోనో నర్ హై, బేఫికర్ లేజావో" అన్నాడట.
ఇదంతా విఠల్ ఫోన్‌లో వాళ్ల అక్కకి చెబుతుంటే విన్నాను.
నాకు మాత్రం డబ్బా తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి
చొక్కా విప్పుకుంటూ వెళ్లిపోయాడు.
అప్పటికి మేం మాట్లాడుకోక పదకొండు రోజులు.

దేని మీద మొదలైందో చెబితే నవ్వుతారు.
కూలర్ ఏ కిటికీకి పెట్టాలన్నదాని మీద.
తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.
నేను పట్టినదానికి ఆ మూడూ ఉండవు.

మూత తీశాను.
ఒకటి బూడిద రంగు.
రెండోది తెల్లది, ముక్కు మీద టీ మరక.
చేతిలోకి తీసుకుంటే
గుండె ఎక్కడుందో వెతకక్కర్లేదు, ఒళ్లంతా గుండే.
నాకు తెలిసిన కుందేలు ఒకటో తరగతి వాచకంలోది,
అందుకని క్యారెట్లు తరిగి పెట్టాను.
తెల్లారేసరికి తెల్లదానికి విరేచనాలు.

మూడో అంతస్తు జుబేదా ఆపా నెత్తి కొట్టుకుంది.
"పాలు మరిచిన పిల్లలకు జిలేబీ పెడ్తరా ఎవరన్నా?
గడ్డి. పొద్దూ మాపూ ఎండుగడ్డి.
నీళ్లు పొయ్యకు. చెవులు పట్టి లేపకు.
వెనక కాళ్ల కింద చెయ్యి పెట్టకుండ ఎత్తితే
తన్నుకుని తన్నుకుని
తన నడుము తనే విరగ్గొట్టుకుంటది."
ఆ ఆఖరి మాటకి విఠల్ వైపు చూశాను.
తనూ అప్పుడే నా వైపు చూశాడు.

మలక్‌పేటలో ఎండుగడ్డి ఎక్కడ దొరుకుతుంది?
ఆఫీసు నుంచి వస్తూ ఒక తబేలా ముందు ఆగాను.
"ఎన్ని బర్లమ్మా?" అన్నాడు పెద్దాయన.
"రెండు," అన్నాను. "చిన్నవి."

మే నెల ముదిరింది.
గడ్డకట్టిన నీళ్ల సీసాకి పాత లంగా గుడ్డ చుట్టి పెడితే
చెరో పక్కా ఆనుకుని పడుకునేవి.
అరవవు. పిలవవు.
కుక్కర్ కూతకి మాత్రం వెనక కాలితో నేలని ఒక్క దరువు.
తెల్లవారుజామున తమ పెంటికలు తామే తింటుంటే
కడుపులో తిప్పింది. అలాగే తినాలట,
ఒక్కసారికి అరగనిది రెండోసారికి.
నేను మింగిన మాటలు ఎన్నోసారికి అరుగుతాయో.

ఒక మధ్యాహ్నం వచ్చి చూస్తే
కూలర్ నడవాలో తిరుగుతోంది, బోను దిక్కుకి.
అది నేనన్న కిటికీ కాదు. తనన్నదీ కాదు.

ఆ రాత్రే బూడిదది గడ్డి ముట్టలేదు.
మూలకి ముడుచుకుని పళ్లు నూరుతోంది.
చీకట్లోంచి, "తిన్నదా?"
"లేదు."
"పొద్దుటి నుంచా?"
"నిన్నటి నుంచేమో."
అంతే. బండి తీశాడు.
చాదర్‌ఘాట్ వంతెన మీద మూసీ వాసన,
నా ఒడిలో అదే చెప్పుల డబ్బా,
గతుకు వచ్చిన చోటల్లా తనే ముందుగా "గతుకు" అంటున్నాడు.

నారాయణగూడలో తలుపు కొడితే లేచిన డాక్టరమ్మ
పొట్ట నొక్కి, మందు పట్టి,
తోక ఎత్తి చూసి నవ్వింది.
"మగదని ఎవరన్నారు? ఇది ఆడపిల్ల.
వారంలో వేరు చెయ్యండి,
లేకపోతే చూస్తుండగానే పదిమంది అవుతారు."

రెండు గంటలకోసారి డ్రాపర్.
నేనో వంతు, తనో వంతు.
నాలుగింటికి నన్ను భుజం పట్టి ఊపేశాడు.
"వేసింది! లే, వేసింది!"
పేపరు మీద, సరిగ్గా బంగారం ధరల పక్కన,
మిరియమంత నల్లటి ఉండ ఒక్కటి.
ఇద్దరం వంగి దాన్నే చూస్తూ కూర్చున్నాం.

నిన్న బోను మధ్యలో జాలీ కట్టాం.
దానికి అటొకటి ఇటొకటి ఆనుకుని నిద్రపోతున్నాయి,
జాలీ కళ్లలోంచి బొచ్చు ఇవతలికి వస్తోంది.
బూడిదదాని కాళ్లు లెక్కపెట్టాను.
నిజంగానే మూడే కనిపించాయి.
నాలుగోది పొట్ట కిందికి మడుచుకుంది.

విఠల్‌కి ఇంకా చెప్పలేదు.