అరువు ముక్కు

జ్వరం దిగింది గానీ
వాసన తిరిగి రాలేదు తవిటమ్మకి.
ఆమదాలవలస స్టేషను ఎదుట మా భోజనం హోటల్లో
పాతికేళ్ళు పెరుగు తోడేసిన మనిషి,
కరివేపాకూ కిరసనాయిలూ ఒక్కటే అయిపోయాయి.
ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పింది,
ఇంటర్ తప్పి గిన్నెలు తోముతున్న నాకు.
"ఒరే దాలిగా, నీ ముక్కు నాకు అరువియ్యాల.
రోజూ ఒక అట్టు ఎక్కువేస్తాను."

అట్లా మొదలైంది నా అసలు చదువు.
తెల్లారగట్ట, పలాస పాసింజరు కూతెయ్యక ముందే
బిందె మీద మూత తీసి ఒంగేవాణ్ణి.
ఆమె కళ్ళు నా మొహం మీద.

పైన తేట నిలిస్తే తప్పు కాదంది.
"పెరుక్కీ చెమట పడతాది గదా."
పులిస్తే అసలే తప్పు కాదు,
పులుపంటే వయసు,
వయసుకి మజ్జిగ పులుసుంది, మజ్జిగట్లున్నాయి,
మేడ మీద ఎండకి చల్ల మిరపకాయలున్నాయి.
అంచున గులాబీ గీత కనబడితే మాత్రం,
నూగులా బూజు లేస్తే మాత్రం,
పైది తీసేసి కిందది తినొచ్చని ఎవడన్నా అంటే
"ఆడింట్లో మంచినీళ్ళు కూడా ముట్టకు."
గరిటెతో ఎత్తితే తీగ సాగకూడదు.
"పెరుగైనా సుట్టమైనా జిగురు పనికిరాదు."
చెవి కూడా పెట్టమనేది.
చెడిన పెరుగు గుసగుసలాడుతుంది,
నిద్రలో ఎవరో పెదాలు చప్పరించినట్టు
చిన్న చిన్న బుడగలు.

ఒకసారి ప్యాకెట్టు మీద తేదీ చదివి వినిపించాను.
గరిటెతో పట్టాల వైపు చూపించింది.
"ఆ బోర్డు మీద ఏటి రాసుంది?"
శ్రీకాకుళం రోడ్డు.
"దిగినోడు ఊరొచ్చేసిందనుకుంటాడు.
ఇంకా పన్నెండు కిలోమీటర్లు ఆటో ఎక్కాల.
నీ తేదీ కూడా అంతే,
దగ్గరికి తెస్తాది. గుమ్మంలో దింపదు."

తుఫాను కొట్టిన ఏడు
మూడు రోజులు కరెంటు లేదు.
ఫ్రిజ్జు తలుపు తీస్తే మొహాన వెచ్చటి గాలి.
ఆగిపోయిన రైల్లోంచి దిగి
అరవై మంది మా మెట్ల మీద, తడి చెప్పులతో.
వైకుంఠరావు గారు గల్లాపెట్టె మీద వేళ్ళాడిస్తూ
"రెండు బిందెల పెరుగు.
పారబోస్తే ఎవడి జీతంలోంచి?" అన్నారు
లెక్కల పుస్తకాన్ని చూస్తూ. నాతోనే.

ఒంగాను.
తడి గోనెసంచి వాసన. దాని వెనక ఇంకేదో,
మూసిన గదిలో మరిచిపోయిన పువ్వుల్లా తియ్యగా.
లేచాను.
"బాగుంది పిన్నీ."

తవిటమ్మ బిందె వైపు చూడలేదు.
నన్నే చూసింది, చాలాసేపు.
తర్వాత చిటికెనవేలు ముంచి
బొటనవేలితో కలిపి విడదీసింది.
సన్నటి తీగ.
"నీ ముక్కు బాగానే ఉన్నాదిరా.
నోరే పాడైపోనాది."

ఇద్దరం మోసుకెళ్ళి వానలో కాలవలోకి వొంపేశాం.
కాసేపు కాలవ తెల్లగా పోయింది.
ఆ పూట అరవై మందికీ అన్నం, చారు, ఉల్లిపాయ.
పెరుగు ఎవరూ అడగలేదు.
కాదు, ఒకాయన అడిగాడు, టవలు తలకి చుట్టుకున్నాయన.
"నేదు బాబూ" అంది తవిటమ్మ, అంతే.
కోత ఇద్దరి జీతాల్లోనూ పడింది.
అట్టు మాత్రం మర్నాడు కూడా వేసింది.
ఒక్కటే.
ఎక్కువది వెయ్యడానికి వారం పట్టింది.

ఇప్పుడు రాజాంలో నాకో టిఫిన్ బండి ఉంది.
పొద్దున్నే మూత తీసి ఒంగుతాను.
ముందు పెరుగు వాసన చూస్తాను.
తర్వాత, చుట్టుపక్కల ఎవరూ లేకపోతే,
అరచెయ్యి మూతికి అడ్డం పెట్టుకుని
ఊపిరి వదిలి
దాన్ని కూడా.