లెక్క తేలని గది

నారిన్ నుంచి మూడు కనుమలు దాటి
జీపులో వణుక్కుంటూ వచ్చాను.
సంచిలో ఒక రిజిస్టరు, ఒక రబ్బరు ముద్ర.
చదివేవాళ్ళు తగ్గితే మూసెయ్యమన్నారు.
నా పని లెక్కపెట్టడం, అంతే.

రిజిస్టరులో రెండువేల నూట పద్నాలుగు.
అరల్లో రెండువేల పది.
మిగతావేవని అడిగితే
బురుల్‌కాన్ పొయ్యిలోకి పిడక తోసి
"చలికాలం కదా, ఇళ్ళలో ఉన్నాయి" అంది,
గొర్రెలు మేతకు వెళ్ళాయన్నంత తేలిగ్గా.

ఆమెకు జీతం అంది నాలుగు నెలలయింది.
బల్ల కింద బంగాళాదుంపల బస్తా,
పొయ్యి పక్కన పిడకల గోడ.
ఆలస్యానికి జరిమానా ఎంతని చూస్తే
గోడమీది కాగితంలో డబ్బు ఊసే లేదు:
వారానికి ఒక పిడక.

తోక్తోసున్ అనే గొర్రెలకాపరి వచ్చాడు.
చదువు రాదు.
పింఛను కాగితం ఆమె ముందు పరిచి
ఆమె నింపుతున్నంతసేపూ
ఒరిగిపోయిన అరకి మేకులు కొడుతూ కూర్చున్నాడు.
ఎవరు ఎవరికి బాకీయో
నాకు అంతుచిక్కలేదు.
వాళ్ళు అడగనూ లేదు.

లెక్కల మనిషి వచ్చాడన్న కబురు
అప్పటికే ఊరు చుట్టేసింది.
చీకటి పడేవేళకి
గుమ్మంలో మంచు దులుపుకుంటున్న బూట్లు.
కోటు లోపల్నుంచి ఒకటి,
పాల క్యానులోంచి నాలుగు,
పసిబిడ్డ ఉయ్యాల అడుగునుంచి ఒకటి, తడిసి ఉబ్బి.
అయిజమాల్ అనే పిల్ల
అట్ట లేని పుస్తకం చేతిలో పెట్టి
"చివరి పేజీ ఎలుక తినేసింది,
తాతని అడిగి నేనే రాశాను" అంది.
చదివాను.
ఎలుకని తప్పుపట్టలేకపోయాను.

రాత్రి దీపం వెలుగులో మళ్ళీ కూడాను.
రెండువేల నూట ముప్పై ఒకటి.
తక్కువ పడతాయేమోనని
సొంతవి కూడా తెచ్చి ఇరికించారు:
గుర్రాల జబ్బులకి చిట్కాల నోటుబుక్కు,
చనిపోయిన టీచరమ్మ వంటల డైరీ,
ఎవరిదో పెళ్ళి ఆల్బం.

పోయినవాటికి గడి ఉంది,
చిరిగినవాటికి గడి ఉంది.
ఎక్కువైనవాటికి
మా ఆఫీసు గడి గీయలేదు.

ముద్ర సిరా గడ్డకట్టిందని రాశాను.
సగం నిజం.

పొద్దున జీపు కదలకపోతే
నిన్నటి బూట్లే వచ్చి తోశాయి.
నా సంచిలో ఇప్పుడు గుర్రాల నోటుబుక్కు,
గడువు రెండు వారాలు.
ఈ దారిన మళ్ళీ వచ్చేది ఏడాదికి.
మొదటి కనుమ దగ్గర లెక్క వేసుకున్నాను,
యాభై పిడకలు.
ఎక్కడ కొనాలో తెలీదు.