ఇతరములు

ఏడింటికల్లా రిజిస్టరు చంకన పెట్టుకుని బయలుదేరతాను.
ఆశా కార్యకర్తకి ఇచ్చిన మాస్కు ఒక్కటే.
రాత్రి ఉతికి దండెం మీద వేస్తాను,
తెల్లారి ఉప్పుగాలికి ఆరీ ఆరకుండా మళ్లీ అదే.

ఇంటికి ఒక వరస.
జ్వరమా, దగ్గా, ఆయాసమా,
పైఊరి నించి వచ్చినోళ్లున్నారా.
అవునంటే టిక్కు, కాదంటే అడ్డగీత.
చివర ఒక గడి, పైన 'ఇతరములు' అని ఉంది,
చిటికెన వేలంత వెడల్పు.

తులసమ్మకి జ్వరం లేదు.
"జొరం నేదు గానీ, జీడిబట్టీ మూసీసినారు గదమ్మా,
సేతులు ఊరికే ఉంటే ఏటో నాగుంది" అని
వేళ్లు తిప్పి చూపించింది.
పాతికేళ్ల జీడిసొన నలుపు
పొరలు పొరలుగా ఊడి
కింద పసిపిల్ల చర్మంలాంటిది వస్తోంది.
తనే దాన్ని పరాయిదాన్ని చూసినట్టు చూసుకుంటోంది.

దానేసు గుమ్మంలో వల లేదు, మనిషి ఉన్నాడు.
కొడుకు వెరావల్ రేవులో, బోటు మీదే, నెలరోజులుగా.
పైఊరి నించి ఎవరైనా వచ్చారా అని అడిగాను.
"రానేదు. అదే గదా" అన్నాడు.
అడ్డగీత పెట్టాను.

మంచినీళ్ల ప్లాంటు ముందు పంచాయతీవాళ్లు
సున్నంతో గుండ్రాలు గీశారు, ఆరడుగులకొకటి.
ఒక్కో గుండ్రంలో ఒక్కో ఇరవై లీటర్ల డబ్బా
బుద్ధిగా నిలబడి ఉంది.
మనుషులంతా షెడ్డు నీడలో
భుజం భుజం రాసుకుని కూర్చున్నారు.
నేను అరిచాను. లేచారు.
నేను మలుపు తిరిగాక మళ్లీ కూర్చుని ఉంటారు.

ఇక కూర్మారావు ఇల్లు.
మంగళారం, శుక్రారం సోంపేటలో రక్తం తిప్పించుకోవాలి.
పదివేల పింఛను ఒకటో తారీకునే గుమ్మంలోకి వచ్చింది,
వేలిముద్ర వద్దన్నారు, ఫొటో తీసుకున్నారు.
డబ్బు వచ్చింది. ఆటో రాలేదు.
వాలంటీరు హేమసుందరం ఫోన్లో పాసుకి పెట్టాడు,
మంగళవారానికి పాసు
బుధవారం వచ్చింది.

అప్పటికే పోయి వచ్చేశాడు కూర్మారావు.
హైవే మీద తాడు కట్టిన చోట పోలీసు ఆపితే
చొక్కా చెయ్యి పైకి మడిచాడట.
తాడులా ఉబ్బిన నరం, పక్కపక్కన సూది మచ్చలు.
ఆ అబ్బాయి లాఠీ చంకలో ఇరికించుకుని
రెండు చేతులతో తాడు పైకెత్తాడట.
"మా మావయ్యకీ ఉండేది" అన్నాడట.
ఉండేది అన్నాడు, ఉంది అనలేదు,
అని కూర్మారావు నాకు రెండుసార్లు చెప్పాడు.

అక్కడ మనుషులు చాలక
నాలుగు గంటలకి మూడే తిప్పి పంపారు.
మిగిలిన గంట కాళ్లలో దిగింది, ముఖంలో దిగింది.
మాట మధ్యలో ఆగి గోడ పట్టుకుంటున్నాడు.

పెన్ను తీశాను. ఆయాసమా?
టిక్కు పెడితే అంబులెన్సు వస్తుంది,
కాలేజీ గదిలో పద్నాలుగు రోజులు,
మధ్యలో నాలుగు డయాలసిస్సులు.
గీత పెడితే
ఎదురుగా రొప్పుతున్న మనిషిని లేదన్నట్టు.
తనే నన్ను గట్టెక్కించబోయాడు:
"ఇది పాతదమ్మా. కరోనా కన్నా ముందుది.
నీ గడికి సరిపడదేమో."

సాయంత్రం ఫోన్లో సూపర్‌వైజరమ్మ లెక్క అడిగింది.
జ్వరం సున్నా. దగ్గు సున్నా. ఆయాసం...
"ఏటమ్మా, ఇతరములులో 'పాతది' అని రాసినావు?
పాతదేటి?"
చెప్పడం మొదలుపెట్టాను.
తులసమ్మ వేళ్ల దగ్గర మొదలుపెట్టాను, ఎందుకో తెలీదు.
నీళ్ల ప్లాంటు దాకా వచ్చేసరికి లైను కట్టయింది,
ఆవిడ పెట్టేసిందో, సిగ్నలు పోయిందో.

శుక్రవారం. ఇంకా చీకటి.
దండెం మీద మాస్కు తడిగానే ఉంది.
వీధి చివర ఆటో
ఒకసారి దగ్గింది, ఆగింది.
మళ్లీ దగ్గింది.
నేను రిజిస్టరు మూసి పట్టుకుని
మూడోదానికోసం నిలబడ్డాను.