సముద్రం అడుగున మంచినీళ్లు

సిత్రల మా రూముకు కిటికీ లేదు.
ఎనిమిది మంచాలు, ఏసీ డబ్బా పక్కన జానెడు సందు.
దాంట్లకెల్లి రిఫైనరీ మంట కనబడుతది,
ఆర్పుడు మర్శిపోయిన పొయ్యి లెక్క.

రాత్రి పదకొండు దాటినంక
పై మంచం మీద రాజలింగు ఫోను వెలుగుతది.
మా ఫోన్లల్ల మొఖాలుంటయి, వాని ఫోన్ల అక్షరాలు.
"ఊకెనే సదువుకోమని పెట్టిన్రు రా, పైస లేదు" అన్నడు మొదటి రోజు.
ఎవ్వడు నమ్మలె.
వీసాకు పైసలు, మెడికల్‌కు పైసలు,
టైపింగ్ సెంటర్ల నా పేరు నేను చెప్పుకున్నందుకు రెండు దినార్లు.
"చివర్లో ఓటీపీ అడుగుతాడు సూడప్పా" అని
కడప ఓబులేసు దుప్పటి ముసుగు పెట్టిండు.

అడగలె.
గ్రహణం ఎట్ల పడుతదో చెప్పింది, ఊకెనే.
సిమెంటు ఎక్కడ పుట్టిందో చెప్పింది.
పదకొండేండ్లు కలిపిన దాన్ని.
నీదే ఊరని అది నన్ను అడగలె, నేనూ దాన్ని అడగలె.

గాఫ్ చెట్టంటే మన జమ్మే అని సదివిన రాత్రి
శ్రీకాకుళం తవిటయ్య లేచి కూసున్నడు.
బస్సు కోసం మూడేండ్లు దాని కిందనే నిలబడ్డం.
దాని కొమ్మకే టిఫిను సంచులు తలిగేసినం.
తెల్లారి నాలుగింటికి, పండుగ గాదు పబ్బం గాదు,
ఓబులేసు ఆకు తెంపి అందరి చేతులల్ల పెట్టిండు.
ఫిలిప్పీన్ డ్రైవరు హారన్ కొడుతనే ఉన్నడు.

ఆ తర్వాత ముత్యాల సంగతి వచ్చింది.
నూనె బయటపడకముందు ఈ దీవి మగోళ్లు
ముక్కుకు పట్టుక, కాలికి రాయి కట్టుకొని
సముద్రంల దుంకేటోళ్లట.
దుంకకముందే పడవ పెద్ద కాడ అప్పు.
ఆ యేడు ముత్యం దొరక్కపోతే అప్పు మీద అప్పు.
తండ్రి సచ్చిపోతే పద్దు కొడుకు పేరు మీదికి.
రాజలింగు ఆగిండు.
ఎవ్వడు ఆగుమనలె.
ఎవని బాకీ వాడు చీకట్ల లెక్కబెట్టుకున్నం.
ఏసీ ఒక్కటే గురక పెట్టింది.
"అయితే మనోలు మనకన్నా ముందే ఉన్నార్రా ఇక్కడ" అన్నాడు తవిటయ్య.
అరబ్బులను మనోళ్లు అనుడు
ఆ రూంల అదే మొదటిసారి.

కోల్డ్ స్టోర్ కాడ కూసుండే ముసలాయన అబూ జాసిం.
లబన్ కొంటే చిల్లర ఎంచి ఇస్తడు, అంతే, మాట లేదు.
శుక్రవారం నాడు రెండు వేళ్లతో ముక్కు మూసి చూపెట్టిన.
"బాబా, నీ బాబా?" అన్న.
చాన సేపు నన్నే చూసిండు.
చెవి తట్టుకొని, చెయ్యి అడ్డంగ ఊపిండు.
నాయినకు నీళ్లల్ల చెవులు పోయినయట.
మళ్ల దోసిలి పట్టి, కిందికి వంచి, తాగినట్టు చేసిండు.
"మాయ్ హిలూ" అన్నడు. తియ్యటి నీళ్లు.
పైసలు తీసుకోలె ఆ రోజు.

నాకు అర్థం కాలె. రాజలింగు రెండు రాత్రులు వెతికిండు.
ఉప్పు సముద్రం అడుగున తియ్యటి ఊటలుండేవట ఇక్కడ.
తోలుసంచి పట్టుకొని మునిగి
ఉప్పునీళ్ల కింద మంచినీళ్లు నింపుకొచ్చేటోళ్లట.
ఇప్పుడు చానా ఎండిపోయినయి. మోటార్లు.
మా మల్యాల బోర్ల ముచ్చటే.

ఈ వారం రాజలింగుకు నైట్ డ్యూటీ.
ఫోను నా చేతిల పెట్టి పోయిండు.
ఆరో తరగతిల బడి ఇడిసినోన్ని,
ఒత్తుల కాడ కాలు జారుతది.
"భూ... గర్..." అన్న.
ఆరు మంచాలు ఊపిరి బిగబట్టినయి.
"భూగర్భ" అని ఎట్లనో దాటిన.
"జలాలు" అన్నడు ఓబులేసు,
ముసుగు లోపలికెల్లి.