వికళ

అబస్తుమాని కొండ మీద పైన్ చెట్ల వాసన
గోపురంలోకి జొరబడే వేళకి
లామ్‌జీరా కటకం మూత తీస్తుంది.
నలభై సెంటీమీటర్ల గాజు, వయసులో ఆమెకంటే పెద్దది.

కంటి దగ్గర రెండు పోగులు. సాలెపట్టు.
ఒకప్పుడు సాలీళ్ళని అగ్గిపెట్టెల్లో పెంచేది,
ముళ్ళ చెంచాకి చుట్టి పోగు లాగేది.
"ఊపిరి మెల్లగా" అంటుంది కొత్త కుర్రాడు వఖూష్టితో,
"తెగిందంటే మళ్ళీ ఆడదాన్ని వెతకాలి.
మగవి ఒట్టి పనిదొంగలు."

వృత్తాన్ని మూడొందల అరవై చెయ్యి.
ఒక ముక్కని అరవై.
అందులో ఒక తునకని ఇంకో అరవై.
నిమిషాలూ సెకన్లూ అంటారు గానీ
గడియారం మొహం ఎరగనివి.
మన పాత గణితం వాళ్ళు కళ అన్నారు, వికళ అన్నారు.
వికళ అంటే ఎంత?
కిలోమీటరు అవతల ఎవరో వేళ్ళ మధ్య పట్టుకున్న
ఒక్క పెసరగింజ.
ఈ గొట్టం ఆ గింజలో మూడోవంతు దాకా వస్తుంది,
ఆపైన మొరాయిస్తుంది.

"సానపట్టినవాడి తప్పా?"
"కాదురా. వెలుగు తీరే అంత.
ఇరుకు వాకిట్లోంచి వస్తే ఒళ్ళు విరుచుకుంటుంది.
చుక్క చుక్కలా రాదు, బిళ్ళలా వస్తుంది,
చుట్టూ సన్నటి వలయాలతో.
ఒకదాని నడుము రెండోదాని చీకటి వలయం మీద పడితే
అప్పుడు ఒప్పుకోవచ్చు, ఇద్దరని.
లేదా వాకిలి వెడల్పు చేసుకోవాలి."

టీ గ్లాసు పట్టుకుని బయటికొస్తుంది.
లోయకి ఆవల ఒక్క దీపం.
"మా అన్నలది. ఓతియా, ముర్మాన్.
ఇల్లు పంచుకుని నడిమధ్య గోడ లేపారు.
రెండు కిటికీలు, వాటి మధ్య మీటరు ఎడం.
నాలుగు కిలోమీటర్ల మీద కంటికి అది ఆనదు,
ఒక కళకి లోపలే.
పదకొండేళ్ళ నుంచీ మాటల్లేవు వాళ్ళకి.
నాకు మాత్రం రాత్రిపూట ఒకే ఇల్లు."

వఖూష్టి నవ్వబోయి ఆగుతాడు.
ఆమె గ్లాసు కింద పెట్టింది.

"వెలుగు తగ్గింది చూడు."
"మంచేమో."
"మంచు ఎప్పుడూ ఉండేదే.
ఇది సగం."

లోపల పుస్తకంలో జంటతార వరుసకి ఎదురుగా
ఇందాకే రాసింది: పొడుగ్గా ఉంది, విడివడలేదు.
సిరా ఇంకా ఆరలేదు.
ఆరిపోయింది ఎడమదా, కుడిదా,
చెప్పే కొలత ఆమె కంట్లో లేదు.

పదకొండేళ్ళూ మేకుకే వేలాడిన బైనాక్యులర్ వైపు
చెయ్యి చాపుతుంది.
"నువ్వు చూడు ముందు" అంటుంది,
"నాకు చేతులు నిలవట్లేదు."